అద్దె ఇల్లు: వచ్చేదెంత? మిగిలేదెంత?

శ్రీకాకుళం: పల్లెలో పొలం అమ్మి పట్టణంలో రెండు వాటాల డాబా వేస్తే నెలనెలా అద్దె చేతికందుతుందన్న ఆశ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాల్లో కనిపిస్తోంది. విశాఖ, హైదరాబాదు, చెన్నైలకు వలసపోయి కూడబెట్టిన సొమ్మును కూడా కొందరు ఇటే మళ్లిస్తున్నారు. పైరు తుపానుకు పోవచ్చు గాని అద్దె పోదన్నది వీరి ధీమా. కాని ఈ తీరంలో ఇల్లు కూడా పైరు వంటిదే. కనిపెట్టుకుని ఉండకపోతే నష్టం తప్పదు.

రూపాయి వడ్డీ లెక్క

ఉదాహరణకు, స్థలం ఖరీదు కాక రూ.20 లక్షలతో రెండు వాటాలు కట్టి, ఒక్కొక్కటి నెలకు రూ.4,000కు ఇచ్చారనుకుందాం. ఏడాదికి రూ.96,000 రావాలి. ఒక్కో వాటా ఒక నెల ఖాళీగా ఉంటే రూ.8,000 తగ్గుతుంది. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు, కుళాయిల ఖర్చు రూ.18,000 అయితే మిగిలేది రూ.70,000. అంటే పెట్టుబడి మీద నూటికి మూడున్నర రూపాయలు. పెట్టుబడిలో సగం, అంటే రూ.10 లక్షలు, నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెచ్చి ఉంటే ఏడాది వడ్డీయే రూ.1,20,000. మిగిలిన అద్దె అంతా కట్టినా మరో రూ.50,000 చేతి నుంచి వేయాలి. అసలు మాత్రం అలాగే ఉంటుంది.

గిరాకీ ఎవరిని బట్టి?

అద్దెకు వచ్చేవారెవరో తేల్చుకోకుండా పునాది తీయడం మరో పొరపాటు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడటంతో పార్వతీపురానికి జిల్లా కార్యాలయాలు వచ్చాయి. ఉద్యోగులకు ఇళ్లు అవసరమయ్యాయి. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం, రాజాంలో ఇంజనీరింగు కళాశాల ఉన్నాయి. అయితే విద్యార్థులను నమ్ముకున్న గదులు సెలవుల్లో ఖాళీ కావచ్చు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి నిర్మాణాలకు వచ్చే పనివారు పని ముగియగానే వెళ్లిపోతారు. ఆ కొద్దికాలపు అద్దెను చూసి ఇరవై ఏళ్ల ఆదాయం లెక్కగట్టరాదు.

ఉప్పుగాలి, తుపాను

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటి ఉత్తరాంధ్రను కుదిపివేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. రేకులు లేచిపోయిన ఇంట్లో ఎవరూ అద్దెకుండరు. బాగుచేయించేదాకా ఖర్చే తప్ప రాబడి ఉండదు.

తుపాను లేని ఏళ్లలో కూడా తీరప్రాంతాన ఉప్పుగాలి తన పని తాను చేస్తూనే ఉంటుంది. శ్లాబులోని సన్న పగులు గుండా నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. పెచ్చులు రాలతాయి. సముద్రపు ఇసుక వాడిన కట్టడానికి ఈ బెడద మరింత ముందే వస్తుంది. పగులును వేసవిలోనే పూడిస్తే కొద్దిపాటి ఖర్చుతో పోతుంది. ఉపేక్షిస్తే శ్లాబు మొత్తానికే ముప్పు. తొలకరికి ముందే మేడ మీది చెత్త తీయించి, నీరు పోయే గొట్టాలు శుభ్రం చేయించి, రేకుల కొక్కేలు బిగించుకోవాలి.

బీమా సంస్థలు 2021 ఏప్రిల్ 1 నుంచి ఇస్తున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుపాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. అటువంటి నష్టం వల్ల ఇల్లు నివాసానికి పనికిరాకపోతే కోల్పోయిన అద్దెకు కూడా షరతుల మేరకు పరిహారం ఉంటుంది.

నోటి మాట చాలదు

తెలిసినవారేనని నోటి మాట మీద ఇల్లివ్వడం తగవులకు దారి తీస్తుంది. ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం చెబుతోంది. 11 నెలలకు రాసుకునే ఆనవాయితీ అందువల్లనే వచ్చింది. అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఏ మరమ్మతు ఎవరు చేయించాలి, ఖాళీ చేసే ముందు ఎన్నాళ్లకు చెప్పాలి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి.

పన్నెండు నెలల అద్దెలో తొమ్మిది నెలలదే తమదనుకుని, తక్కినది పన్నుకు, మరమ్మతుకు, ఖాళీ నెలలకు విడిగా దాచినవారికే ఇల్లు నిలుస్తుంది. అలా దాచే వీలు లేనివారు తొందరపడకపోవడమే మేలు. అమ్ముకున్న పొలం మళ్లీ అదే ధరకు దొరకదు.