నోటిఫికేషన్ ఎవర్నీ నిద్ర లేపదు: అక్వేరియం కంట్రోలర్ కట్టేవాళ్లకు రొయ్యల గుంట చెప్పే పాఠం

రెండేళ్ల కిందట, మే నెల. నేను బెంగళూరులో ఆఫీసులో ఉన్నా. మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్‌లో ఒక నోటిఫికేషన్ వచ్చింది: "ట్యాంక్ టెంపరేచర్ తక్కువ". నెల్లూరు జిల్లాలో, మే నెల ఎండలో, మేడ మీద గదిలో ఉన్న అక్వేరియంలో నీళ్లు చల్లబడ్డాయంట! నవ్వుకుని, స్వైప్ చేసేసి మీటింగ్‌కి వెళ్లిపోయా.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, నీ చేపలన్నీ పైకి తేలుండాయిరా. చెయ్యి పెడితే నీళ్లు కాలతా ఉండాయి."

ఏడు ఏంజెల్ ఫిష్‌లు. వాటిని చంపింది ఎండ కాదు, నేను రాసిన ఒక్క లైను కోడ్.

మైనస్ 127 కథ

నా కంట్రోలర్‌లో గొప్ప ఏమీ లేదు. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, నీళ్లలో ముంచే డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్, ఒక రిలే, నీళ్ల మీద గాలి కొట్టే చిన్న ఫ్యాను. 29 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఆన్, లేకపోతే ఆఫ్. మొత్తం వెయ్యి రూపాయల లోపే. ఫోన్‌లో రంగురంగుల గ్రాఫ్ కూడా పెట్టుకున్నా. ఫ్రెండ్స్‌కి చూపించి మురిసిపోయేవాణ్ణి.

మా ఊరు సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి గేటు గొళ్లేలే తుప్పు పడతాయి, సన్నటి రాగి తీగ ఎంత? సెన్సర్ వైరు జాయింట్ దగ్గర పచ్చగా చిలుం పట్టి కనెక్షన్ తెగిపోయింది. ఈ సెన్సర్‌కి ఆర్డుయినోలో అందరూ వాడే లైబ్రరీ ఉంది కదా, సెన్సర్ దొరక్కపోతే అది మైనస్ 127 అనే అంకె ఇస్తుంది. అది కొలత కాదు, "నాకు సెన్సర్ కనపడట్లేదు" అని చెప్పే గుర్తు. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. నేను చదవలేదు. నా కోడ్ మాత్రం ఆ అంకెను నిజమైన ఉష్ణోగ్రత అనుకుంది. మైనస్ 127 అంటే 29 కంటే తక్కువే కదా! ఫ్యాన్ ఆపేసి హాయిగా కూర్చుంది.

26 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 34 దగ్గర అది 7కి పడిపోతుంది. వేడెక్కే కొద్దీ చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీళ్లలో దొరికేది తగ్గుతుంది. రెండు వైపులా దెబ్బే.

ఆ రోజు నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మనం గ్యాడ్జెట్లను పనిచేసేటప్పుడు ఏం చేస్తాయో చూసి రివ్యూ చేస్తాం. ప్రాణం ఉన్నదాన్ని కాపాడే గ్యాడ్జెట్‌ని మాత్రం అది చెడిపోయినప్పుడు ఏం చేస్తుందో చూసి రివ్యూ చెయ్యాలి. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. చేపకి రీస్టార్ట్ బటన్ ఉండదు.

కట్టుకోవడం తప్పా?

అస్సలు కాదు. ఈ హాబీలో సొంతంగా కట్టుకోవడమే అసలు సరదా. 2005లో ఇటలీలో ఆర్డుయినో పుట్టాక సర్క్యూట్ చదవనివాళ్లు కూడా మైక్రోకంట్రోలర్ ముట్టుకున్నారు. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32తో వైఫై, బ్లూటూత్ రెండూ ఐదు వందల రూపాయల బోర్డులోకి వచ్చేశాయి. ఉప్పునీటి పగడాల ట్యాంకుల కోసం రీఫ్-పై అనే ఓపెన్ సోర్స్ కంట్రోలరే ఉంది. రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తుంది. లైట్లు, హీటర్, పీహెచ్, మందుల డోసింగ్ అన్నీ చూసుకుంటుంది. అదే పని చేసే రెడీమేడ్ కంట్రోలర్ విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే ఒక మంచి ఫోన్ ఖరీదు అవుతుంది.

కాబట్టి కట్టండి. కానీ ఎలా కట్టాలో నాకు ఏ వీడియో కంటే బాగా నేర్పింది మా మామ రొయ్యల గుంట.

తెల్లవారుజామున మూడు గంటలు

నెల్లూరు తీరం తెలియనివాళ్లకి ఒక మాట. కావలి, అల్లూరు వైపు నుంచి విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మీదుగా కిందికి వస్తే, బకింగ్‌హామ్ కాలువ చుట్టుపక్కల రొయ్యల గుంటలు కనపడతానే ఉంటాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో జనం డబ్బు చూశారు. తర్వాత 1994, 95ల్లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి చాలామందిని ముంచేసింది. 2009లో ప్రభుత్వం వనామీ రకానికి అనుమతిచ్చాక మళ్లీ గుంటలు నిండాయి.

వనామీ గుంటలో రొయ్యలు కిక్కిరిసి ఉంటాయి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన ప్రకారం చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వదలొచ్చు. పగలు నీళ్లలోని పచ్చటి నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు గుంకాక ఆ నాచే ఆక్సిజన్ తాగడం మొదలెడుతుంది. రొయ్య, నాచు, అడుగున కుళ్లే మేత, అన్నీ ఒకే గిన్నెలోది తింటున్నట్టు. అందుకే డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, తెల్లారే ముందు బాగా అడుగుకి పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే నిశ్చింత. 3 కిందకి పోతే రొయ్య నలుగుతుంది. ఇంకా దిగితే పైకి తేలుతుంది. పగలంతా మబ్బు పట్టిన రోజైతే రాత్రి మరీ గండం.

ఆ టైములో గుంటని బతికించేది నీళ్లు చిమ్మే ఏరేటర్లు. అవి ఆగితే, చివరి నెలలో ఉన్న గుంట, అంటే సీడ్, మేత, కరెంటు, అప్పు అన్నీ కలిపి మూడు నెలల కష్టం, తెల్లారేలోగా పోవచ్చు.

మా మామ రోజూ రాత్రి రెండున్నరకి లేచి టార్చిలైటు పట్టుకుని కట్ట మీద నడుస్తాడు. కాపలా మనిషి ఉన్నా సరే, నమ్మకం కుదరక తనే పోతాడు. నేను పెద్ద ఇంజనీర్ని కదా, "మామా, డీఓ సెన్సర్ పెట్టి నీ ఫోన్‌కి గ్రాఫ్ పంపిస్తా" అన్నా.

మామ అడిగింది ఒకటే. "గ్రాఫ్ సరేరా అబ్బయ్యా, అది నన్ను నిద్ర లేపుద్దా?"

కంపెనీ సామాను సంగతి

ఇది కొత్త ఐడియా ఏం కాదు. 2012లోనే విజయవాడలో ఎరువాక టెక్నాలజీస్ అనే స్టార్టప్ మొదలైంది. గుంటలో తేలే సెన్సర్లు పెట్టి ఆక్సిజన్ అంకెల్ని రైతు ఫోన్‌కి పంపడం వాళ్ల తొలి పని. తర్వాత ఆటోమేటిక్ మేత యంత్రాల వైపు వెళ్లారు. మన తెలుగు గడ్డ మీద పుట్టిన మంచి హార్డ్‌వేర్ కథల్లో అదొకటి.

పది ఇరవై గుంటలు ఉన్నవాళ్లు అలాంటి సిస్టమ్ కొనుక్కోవడమే తెలివి. సర్వీస్ చేసేవాళ్లు ఉంటారు, సెన్సర్ శుభ్రం చేసేవాళ్లు ఉంటారు. ఎందుకంటే డీఓ ప్రోబ్ అంటే పెట్టి మర్చిపోయే వస్తువు కాదు. గుంట నీళ్లలో కొన్ని రోజులకే నాచు, జిగురు పట్టి తప్పు అంకె చెబుతుంది. తుడవాలి, మళ్లీ కాలిబ్రేట్ చెయ్యాలి. హాబీ కిట్‌లో వచ్చే ప్రోబ్ కూడా పది వేలు దాటుతుంది. రెండు గుంటలున్న మామకి ఆ ఖర్చూ ఎక్కువే, వారం వారం చాకిరీ కూడా ఎక్కువే.

అందుకని నేను ఆక్సిజన్ కొలవడం మానేశా. ఏరేటర్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే కొలుద్దాం అనుకున్నా. మామకి కావాల్సిన ప్రశ్నకి అదే దగ్గరి సమాధానం, పైగా చవక.

చివరికి కట్టింది ఏంటంటే

తీగ కోయకుండా చుట్టూ బిగించే కరెంట్ క్లాంప్ సెన్సర్లు మూడు, ఒక్కో ఫేజ్‌కి ఒకటి. ఒక ఈఎస్‌పీ32. సిమ్ పెట్టే 4జీ మాడ్యూల్. లోపల ఒక 18650 బ్యాటరీ. నాలుగు వేల లోపు అయింది. ఏ ఫేజ్‌లో కరెంట్ పోయినా మామ ఫోన్‌కి మెసేజ్ రాదు, నేరుగా కాల్ వస్తుంది. ఎత్తేదాకా వస్తూనే ఉంటుంది.

చవకగా దొరికే పాత 2జీ మాడ్యూల్ మొదట కొన్నా. మామది జియో సిమ్. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. అలా కొన్ని వందలు బూడిదలో పోశా. వైఫై ఆన్‌లో ఉంటే ఈఎస్‌పీ32లో ఏడీసీ2 పిన్నులు రీడింగ్ సరిగా ఇవ్వవని కూడా ఒక రాత్రంతా జుట్టు పీక్కున్నాకే తెలిసింది. సెన్సర్లని ఏడీసీ1 పిన్నులకే కలపండి.

మొదటి వారం రాత్రికి నాలుగు కాల్స్. కరెంటు ఒక్క క్షణం మినుకుమన్నా బాక్స్ గోల పెట్టేది. మూడో రోజుకి మామ వైరు పీకేశాడు. ఆయన చేసింది కరెక్టే. ఊరికే అరిచే అలారాన్ని మనిషి మూడు రోజుల్లో వినడం మానేస్తాడు. అరవై సెకన్ల పాటు కరెంట్ లేకపోతేనే కాల్ వెళ్లేలా మార్చా.

నవంబరులో ఒక వాన రాత్రి, రెండు నలభైకి కాల్ వెళ్లింది. ఒక ఫేజ్ పోయింది. ఏరేటర్లు ఒక్కటీ తిరగట్లేదు, మోటర్లు మూలుగుతున్నాయి. అలా ఇంకాసేపు ఉంటే మోటర్లు కాలిపోయేవి, రొయ్యలూ పోయేవి. మామ లైను కట్టేసి జనరేటర్ వేశాడు. పొద్దున నాకు ఫోన్ చేసి, "లేపిందిరా" అన్నాడు. అంతే. అంత మంచి ప్రోడక్ట్ రివ్యూ నేనెక్కడా చదవలేదు.

ట్యాంకుకైనా గుంటకైనా ఇవే

ఒకటి. సెన్సర్ చెప్పిందల్లా నమ్మొద్దు. అక్వేరియంలో నీళ్లు 15 కంటే తక్కువ, 40 కంటే ఎక్కువ చూపిస్తే అది నీళ్ల తప్పు కాదు, సెన్సర్ తప్పు. అలాంటి అంకె వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కోడ్‌లో విడిగా రాయండి. ఇప్పుడు నా ట్యాంకులో సెన్సర్ పోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

రెండు. బోర్డు చచ్చిపోతే ఏం కావాలో ముందే నిర్ణయించండి. రిలేలో రెండు రకాల కాంటాక్టులుంటాయి. గాలి పంపుని ఎన్‌సీ వైపు కలపండి, బోర్డు ఆగినా పంపు ఆడుతుంది. హీటర్‌ని ఎన్‌ఓ వైపు కలపండి, బోర్డు ఆగితే హీటర్ కూడా ఆగుతుంది. కోడ్ మధ్యలో ఇరుక్కుపోతే ఈ తెలివి పనిచెయ్యదు కాబట్టి వాచ్‌డాగ్ టైమర్ తప్పకుండా ఆన్ చెయ్యండి.

మూడు. కాపలాదారుకి కూడా కాపలా ఉండాలి. కరెంటు పోయిందని చెప్పాల్సిన బాక్స్ అదే కరెంటు మీద బతికితే ఏం లాభం? బ్యాటరీ పెట్టండి. రోజూ రాత్రి తొమ్మిదికి మామ బాక్స్ నుంచి "బాగున్నా" అని ఒక ఎస్‌ఎంఎస్ వస్తుంది. రాని రోజు మామ నిద్రపోడు, పాత పద్ధతిలో టార్చి తీస్తాడు.

నాలుగు. నీళ్లు, 230 వోల్టులు పక్కపక్కన ఉంటే సరదా పనికిరాదు. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు. చిన్న నీలం రిలేతో ఏరేటర్ మోటరు నడపాలని అసలు చూడొద్దు. మోటరు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంట్ లాగుతుంది. దానికి కాంటాక్టర్ ఉండాలి, ఎలక్ట్రీషియన్ ఉండాలి.

ఐదు. తీరంలో ఉంటే జాయింట్లన్నీ టంకం వేసి, గట్టిగా మూసే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. లేకపోతే ఉప్పు గాలి, చీమలు, బల్లులు మీ ప్రాజెక్టుని పంచుకుంటాయి.

నేను కావాలనే చెయ్యని పని

ఏరేటర్లని ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే ఆప్షన్ పెట్టమని చాలామంది ఫ్రెండ్స్ అన్నారు. కోడ్ పరంగా పది నిమిషాల పని. పెట్టలేదు. ఆఫ్ చేసే శక్తి ఉన్న బాక్స్ ఏదో ఒక రోజు తప్పుగా ఆఫ్ చేస్తుంది. నా ఏడు చేపలు అందుకు సాక్ష్యం. పైగా ఎవరో కట్ట మీద ప్యాడిల్ సరిచేస్తుండగా నేను బెంగళూరులో బటన్ నొక్కితే? ఆ ఆలోచనకే భయమేసింది.

స్మార్ట్ అంటే మనిషిని తీసేసి అన్నీ తనే చెయ్యడం అని మన గ్యాడ్జెట్ల ప్రపంచం అలవాటు చేసింది. నా లెక్కలో మామ బాక్స్ స్మార్టే. దానికి తెలిసింది ఒకటే విషయం, అది తెలిసినప్పుడు సరైన మనిషిని లేపుతుంది. మామ ఇప్పటికీ రెండున్నరకి లేస్తాడు, కాకపోతే రోజూ కాదు. వారంలో రెండు మూడు రాత్రులు తెల్లారేదాకా నిద్రపోతున్నాడని అత్త చెప్పింది.

ఈ వీకెండ్ మీరు కొత్త బోర్డు తీసి కంట్రోలర్ మొదలెడుతుంటే, గ్రాఫ్ రంగులు తర్వాత చూసుకోవచ్చు. ముందు సెన్సర్ వైరు చేత్తో పీకి చూడండి. అప్పుడు మీ ఫ్యాన్ ఏం చేస్తుందో, మీ ఫోన్ ఏం చేస్తుందో చూశాకే చేపల్ని వదలండి.