ఒక్క రోజు ప్రయాణమేనట!

"ఒక్క రోజే కదక్కా! పొద్దున 4కి ఎక్కితే అదే సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగిపోతుంది" అన్నాడు తమ్ముడు. మరదలి పురిటికి 68 ఏళ్ల అమ్మను ఒంటరిగా రమ్మంటున్నాడు.

టికెట్టు మీద అలాగే ఉంటుంది మరి! వేసవిలో డల్లాస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక. అంటే ఆ 12 గంటలు నిజానికి ఇరవై రెండున్నర. దుబాయ్ దాకా సుమారు 4, అక్కణ్ణుంచి 16, మధ్యలో ఎదురుచూపు. విజయవాడలో ముందు రోజు సాయంత్రం 7కి గుమ్మం దాటి శంషాబాద్ చేరడం, అక్కడ దిగాక లైన్లో నిలబడి తమ్ముడింటికి చేరడం కలిపితే 33 గంటలు దాటుతుంది.

ప్రపంచం చిన్నదైపోయిందట! సుమారు 15,500 కిలోమీటర్లు ఎంత దూరమో అమ్మ మోకాళ్లని అడగండి.

వెళ్లొద్దని నేననను. చవగ్గా వస్తుందని మధ్యలో 9 గంటలు కూర్చోబెట్టే టికెట్టు కొనొద్దంటున్నాను. వీల్‌చెయిర్ ముందే అడగమంటున్నాను. దిగిన మర్నాడే వంటింట్లోకి పంపొద్దంటున్నాను.

రేపు మన పిల్లలూ మనల్ని ఇలాగే రమ్మంటారు. ఈ లెక్క వాళ్లకి ఇప్పుడే నేర్పుదాం.