అడవికి కాపలా మనోళ్లే!

ఫారెస్టోళ్లు అనగానే మనకు కట్టెల మోపు ఆపే ఖాకీ చొక్కా గుర్తొస్తుంది. ఆ కోపం ఊరికే రాలేదు. తాతల నాటి నుండి తిరిగిన అడవిలో మనల్నే నిలదీస్తే ఎవరికైనా బాధే. అందుకే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అయితే నల్లమలలో పులిని నిజంగా కాపాడుతున్నది ఎవరు? నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

మన నల్లమలను 1983లో పులుల రిజర్వు చేశారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రాలో నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణలో అమ్రాబాద్ అని రెండు రిజర్వులు అయినాయి. రేంజరు, బీటు ఆఫీసరు పైన ఉంటారు. రాత్రింబవళ్లు బేస్ క్యాంపుల్లో ఉండి కాలినడకన తిరిగేది మాత్రం వాచర్లు. వాళ్లలో చాలామంది మన చెంచులే.

వాళ్ల పని తేలికైనది కాదు. కణితి అరిస్తే పులి దగ్గర్లో ఉందని పసిగట్టాలి. ఉచ్చుల తీగలు వెతికి తీసెయ్యాలి. ఎండాకాలం సాసరు గుంటలకు నీళ్లు పట్టించాలి, మంటలు పాకకుండా ఫైర్ లైన్లు తియ్యాలి. దారికి రెండు పక్కలా కెమెరాలు కట్టాలి. మన వేలిముద్రల లాగానే ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు. వాటిని బట్టే లెక్క తీస్తారు.

దేశంలో 2006లో 1,411 పులులని అంచనా, 2022లో 3,682. పేపర్లో పులి ఫొటో పడుతుంది గానీ కెమెరా కట్టినాయన పేరు పడదు. ఎన్నేళ్లు చేసినా చాలామంది పర్మనెంటు కారు. ఇది న్యాయమా? అడవి చదువు చదువు కాదా? వాళ్లకు ఉద్యోగ భద్రత, మంచి బూట్లు, బీమా ఇవ్వాలి.

ఇక మన సంగతి. ఇంటరు పాసైతే బీటు ఆఫీసరు పరీక్ష రాయొచ్చు. అందులో మగపిల్లలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడపిల్లలు 16 కిలోమీటర్లు నడవాలి. నడక మనకు కొత్తా? మధ్యలో బడి మానేస్తేనే ఆ ఉద్యోగం చేజారేది. మనోళ్లే ఆఫీసర్లయితే పెంటల్లో మన మాట వినేవాళ్లుంటారు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంకో మాట చెప్పండి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టొద్దు, ఊడ్చుకుంటే చాలు. ఆ నిప్పు కొండంతా పాకితే గడ్డీ పోతుంది, దుప్పీ పోతుంది, మన తేనె కూడా పోతుంది.

వార్డెన్ సారు గారికి నా మనవి: ఒక ఆదివారం ఒక వాచరును మన హాస్టలుకు పిలిపించండి. ఆయన చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

– 10వ తరగతి విద్యార్థి