ఉక్కు చెప్పని కథ
విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన ఈ నౌక 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో సేవలందించి, 2001లో విరమించింది. 2002 నుండి సందర్శకులకు స్వాగతం పలుకుతోంది.

జలాంతర్గాములలో పనిచేసి పదవీ విరమణ చేసిన నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఒక విషయం గమనిస్తాను. టార్పెడో పొడవెంత, నౌక ఎంత లోతుకు మునుగుతుంది అని విద్యార్థులు అడుగుతారు. అవి మంచి ప్రశ్నలే. కాని రోజుల తరబడి సూర్యుణ్ణి చూడక, డీజిల్ వాసన నడుమ, మంచినీటిని కొలిచి వాడుకొంటూ నావికులు ఎలా జీవించారని అడిగేవారు అరుదు. ఇంట బిడ్డ పుట్టినా, తండ్రి కన్నుమూసినా ఆ కబురు తరచుగా తీరం చేరిన తరువాతనే తెలిసేది.

సాంకేతిక విజ్ఞానం నిరంతరం మారుతుంది. నిన్నటి అద్భుతయంత్రం నేడు ప్రదర్శనవస్తువవుతుంది. దానిని నడిపినవారి కర్తవ్యనిష్ఠ మాత్రం ఏ కాలానికైనా అవసరమే. ఉక్కును రంగులు వేసి కాపాడుకోవచ్చు. మనిషి అనుభవం అడిగేవారు లేకపోతే అతనితోనే అంతరిస్తుంది. మీ ఊరిలోనూ ఒక మాజీ సైనికుడు ఉండవచ్చు. మీ చేతిలోని సెల్‌ఫోన్‌లో ఆయన మాటలను పదిలపరచండి. సాంకేతికతకు అంతకన్న సార్థకమైన వినియోగం, సైనికునికి అంతకన్న గొప్ప గౌరవం వేరే ఉండవు.