ఆఖరి చుక్కకు సాక్ష్యం కావాలి

క్షారగుణమున్న మందుల స్వచ్ఛత తేల్చడానికి వాటిని గ్లేసియల్ అసిటిక్ ఆమ్లంలో కరిగించి, బ్యూరెట్‌లోంచి పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలడం పాత పద్ధతి. ఇండికేటర్‌గా క్రిస్టల్ వయొలెట్ వేస్తారు. ఫ్లాస్కులో ఊదా నీలమవుతుంది, నీలం ఆకుపచ్చకు తిరుగుతుంది, చివరికి పసుపు తేలుతుంది. వీటిలో ఏ ఛాయ దగ్గర ఆపాలన్నది మందును బట్టి మారుతుంది. ఒకరికి నీలంగా తోచింది పక్కవారికి ఆకుపచ్చగా కనిపించవచ్చు. మామూలు బ్యూరెట్ చుక్క దాదాపు 0.05 మి.లీ. ఇరవై మి.లీ. టైట్రేషన్‌లో రెండు చుక్కలు అటూఇటూ అయితే అర శాతం తేడా. స్వచ్ఛత 99 నుంచి 101 శాతం మధ్య ఉండాల్సిన మందుకు ఆ అర శాతమే పాసునూ ఫెయిలునూ తారుమారు చేయగలదు. మందుల నాణ్యత తేల్చే చోట, టైట్రేషన్ ఆపాల్సిన ఎండ్ పాయింట్‌ను ఆటో టైట్రేటర్‌కే అప్పగించాలని నేననేది అందుకే.

కచ్చితత్వం ఒక్కటే అయితే ఇంత పట్టుబట్టనక్కర్లేదు. చేయి తిరిగిన కెమిస్టు అర చుక్కను కూడా బ్యూరెట్ కొసన ఆపి, ఫ్లాస్కు గోడకు తాకించి లోపలికి దించగలరు. అసలు చిక్కు సాక్ష్యంతోనే. ఫ్లాస్కును సింకులో ఒంపగానే ఆ రంగు పోతుంది, రికార్డులో ఒక అంకె మిగులుతుంది. పైగా మొదటి రీడింగ్ 20.1 వచ్చాక, రెండోసారి కన్ను 20.1 దగ్గరే రంగు కోసం వెతుకుతుంది. అది మోసం కాదు, మనిషి చూపు తీరే అంత. ఆటో టైట్రేటర్ యంత్రంలో ఎలక్ట్రోడ్ ప్రతి చేర్పుకూ మిల్లీవోల్టులు కొలుస్తుంది. ఆ కొలతలతో గీసిన రేఖ ఎక్కడ బాగా నిటారుగా లేస్తే అక్కడే ఎండ్ పాయింట్. ఆ రేఖను ఆర్నెల్ల తరవాత తనిఖీకి వచ్చినవారి ముందు కూడా పెట్టొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డులకు ‘పార్ట్ 11’ నిబంధనలు 1997లోనే తెచ్చింది. ఆ దేశానికి మందులు పంపే హైదరాబాద్, విశాఖ కంపెనీలకు ఇది కొత్త మాట కాదు. అదే పట్టుదల మన వీధి మందుల షాపుకు వచ్చే బిళ్ల మీదా ఉండాలి.

యంత్రం తప్పు చేయదా? చేస్తుంది. అసిటిక్ ఆమ్లం ఒక్కో డిగ్రీకి సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల దగ్గర స్టాండర్డైజ్ చేసిన ద్రావణాన్ని, ఏసీ ఆగిన మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర వాడితే అర శాతం తప్పు. సవరణ అడగకపోతే యంత్రం ఆ తప్పునే దశాంశాలతో సహా అచ్చువేస్తుంది. అయితే ఈ తప్పు బ్యూరెట్‌కూ ఉన్నదే, థర్మామీటరు చూసి లెక్క సరిచేయాలి. ఎలక్ట్రోడ్ పాడైతే మాత్రం రేఖ మందగించి తానే చెబుతుంది. ఖరీదు గురించిన అభ్యంతరం నిజమైనదే. చిన్న ల్యాబులు మామూలు పీహెచ్ మీటరును మిల్లీవోల్టులకు మార్చి, చివరి చుక్కల రీడింగులు రాసుకుని చేత్తో గ్రాఫు గీసినా సాక్ష్యం మిగులుతుంది. చేతిపని మరుగున పడుతుందన్న భయముంటే, డిగ్రీ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్‌ను కదపొద్దు. ఆ ఫ్లాస్కులోనే ఎలక్ట్రోడ్ కూడా ముంచి, రంగు మారిన చోటునూ రేఖ లేచిన చోటునూ విద్యార్థి చేత ఒకే గ్రాఫు మీద గుర్తు పెట్టించాలి.