అంకె పెద్దది, బరువు చిన్నది



చిన్న తరగతుల గణితాభ్యాసాలలో ఒక లెక్క తరచు కనబడుతుంది. ఒక ప్రక్క 900 గ్రాములు, మరొక ప్రక్క 2 కిలోగ్రాములు. నడుమనున్న గడిలో ఏది ఎక్కువో తెలిపే గుర్తు వేయాలి. పిల్లవాడు 900 ఎక్కువంటాడు. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేస్తాడు. నన్నడిగితే ఆ తప్పు పిల్లవానిది కాదు. వాని ముందు పెట్టినవి రెండు అంకెలు; వాడు అంకెలనే పోల్చాడు. బరువును మనం వానికి చూపనే లేదు.

"వేయి గ్రాములు ఒక కిలోగ్రాము" అని నూరుసార్లు వల్లె వేయిస్తే చాలునంటారు కొందరు. వల్లె వేయడానికి నేను విరోధిని కాను. శబ్దాలు వల్లె వేసి చదువుకున్నవాడినే. కాని రామశబ్దం నోటితో వచ్చే విద్య. తూకం చేతితో రావాలి. పోనీ, వల్లె వేయించేవారైనా 'కిలో' అనే గ్రీకు మూలపు మాటకు 'వేయి' అని అర్థమనీ, కిలోమీటరులో ఉన్నదీ అదేననీ చెబుతున్నారా? పేరులోనే ఉన్న లెక్కను దాచి పిల్లవాని జ్ఞాపకశక్తిని నిందిస్తున్నారు.

మన భాష ఈ పాఠాన్ని సగం చెప్పే ఉంచింది. గింజలు కొలుస్తాము, బెల్లం తూస్తాము. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, ఇవి కొలతలు. పలము, వీశె, మణుగు తూనికలు. 1956 నాటి చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చి, ఇంచుమించు 1,400 గ్రాముల వీశె తొలగిపోయింది గాని, కొలుచుటకూ తూచుటకూ గల భేదం తొలగిపోలేదు. తవ్వెడు చోళ్ళు ఒక పళ్ళెంలోను, తవ్వెడు అటుకులు రెండవ దానిలోను పోసి తక్కెడ ఎత్తండి. చోళ్ళ వైపు దిగిపోతుంది. చిన్న బెల్లపు ముక్కకు సరితూగడానికి గోగునార ఎంత కట్ట కావాలో చూపండి. పెద్దగా కనబడేదే బరువన్న భ్రమ అప్పుడు వదులుతుంది.

ఎలక్ట్రానిక్ కాటాల కాలంలో తక్కెడ ఎందుకని ఆక్షేపణ. కాటా అంకెను చూపుతుంది, పోలికను చూపదు. శాస్త్రజ్ఞులు 2019 మే 20 నుండి ప్యారిస్ చేరువనున్న లోహపు గుండును ప్రమాణంగా విడిచి ప్లాంక్ స్థిరాంకాన్ని గ్రహించారు. దానితో కిలోగ్రామును ముడివేసే ముఖ్యసాధనం పేరేమిటి? కిబుల్ త్రాసు!

తీరిక లేదని మరొక ఆక్షేపణ. బడి భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజుకు 100 గ్రాముల బియ్యమని నియమం. ఆరవ తరగతికి వెళ్ళిన అన్నకు 150. పదిమంది చిన్నపిల్లల బియ్యం కలిస్తే కిలో. వంటగదిలో నిత్యమూ ఈ పాఠం జరుగుతూ ఉండగా, తరగతిలో తక్కెడ బొమ్మ చూపి సరిపెట్టడం ఏమి న్యాయం?

ఇది మార్కుల గొడవ కాదు. చింతపండు, కొండచీపుళ్ళు సంతకు తెచ్చే మన మన్యం బిడ్డలను దళారుల నుండి కాపాడడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంస్థలు ఎన్ని ఉన్నా, తూకం ముందు నిలబడేది మనిషే. ఖాళీ పళ్ళాలు సమంగా ఉన్నాయా, ముల్లు నడుమ నిలిచిందా, కాటా సున్నా నుండి మొదలైందా అని చూడగల కన్ను బడిలోనే తెరుచుకోవాలి. అక్కడ తెరుచుకోకపోతే ఆ కుటుంబం ప్రతి సంతలోనూ మూల్యం చెల్లిస్తుంది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మాట ఇది. గుర్తుల లెక్కలు కొన్నాళ్ళు ప్రక్కన పెట్టండి. ఒక కర్ర, రెండు కొబ్బరి చిప్పలు, కాస్త పురికొస చాలు. ముందు కిలో ఉప్పు ప్యాకెట్టును చేత ఎత్తనివ్వండి, తరువాత తక్కెడలో తూచనివ్వండి, అంకెను చివర వ్రాయించండి. కాదనేవారుంటే కారణం చెప్పండి. వాదానికి నేను సిద్ధం.