సముద్రాలు దాటిన పాఠం పొలిమేర దాటదా?

1987లో వాంకూవర్‌లో కామన్వెల్త్ దేశాధినేతలు సమావేశమై, దూరవిద్యలో ఒకరికొకరు తోడ్పడాలని తీర్మానించారు. 'కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్' సంస్థ అలా పుట్టింది. అంతకు 5 ఏళ్ళ ముందే, 1982లో, జి. రాంరెడ్డి గారి సారథ్యాన దేశంలోకెల్లా తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసింది. డిగ్రీ పాఠాలను తెలుగులో అచ్చువేసి ఇంటికి పంపింది.

మరి ఆ పాఠం హోసూరుకో, బళ్ళారికో, షోలాపూరుకో, బరంపురానికో ఎందుకు రాదు? రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన రాష్ట్రం దాటించరాదని 2020 నాటి యూజీసీ నిబంధన. దూరవిద్యకు దూరమే నిషిద్ధమన్నమాట!

అయితే అవే నిబంధనలు ఆన్‌లైన్ కోర్సులకు ఈ హద్దు పెట్టలేదు. ఆ తలుపు తెరిచే ఉంది. ఇంగ్లీషులో చదువుకోవచ్చు కదా అని కొందరు పెద్దలు సలహా ఇస్తారు. బతుకుతెరువుకు చదువుకుంటూనే ఉన్నాం. మన పిల్లలు తెలుగులో చరిత్ర, సాహిత్యం చదివి పట్టా పుచ్చుకోవడం ఎక్కడ? తమిళనాట 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేశాక బడిలోనే తెలుగు ఇరుకున పడింది. బడిలో పోయినదాన్ని ఇంట్లోనైనా దక్కించుకోవాలి.

రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడుగుదాం: తెలుగు మాధ్యమంలో ఆన్‌లైన్ డిగ్రీలు పెట్టండి, బయటి తెలుగువారికి ఫీజు తగ్గించండి. మహాసభలకు పిలిచి కప్పే శాలువాలు చాలు. ఇక పాఠాలు పంపండి.